ఆబగా తిను కుక్కపిల్ల – దాని తిండి పద్ధతులు



ఈ దినము నేను మీతో ముచ్చటింపదలచిన విషయము వినుటకు స్వల్పముగా నుండును. వానలు, పైరులు, పశువులు మొదలగు వానిని గూర్చి వినుటకు కూర్చుండినవారికి, కుక్కపిల్ల తిండిని గూర్చి యొక ప్రసంగము అనగానే నవ్వు రావచ్చును. అయినను ఒక్క మాట. కళ్లములోని ధాన్యమును కాచునది కుక్క. గొఱ్ఱెల మంద వెంట రేయింబవళ్లు తిరుగునది కుక్క. అర్ధరాత్రమున దొడ్డిలో అలికిడి యైనచో మనకంటె ముందు మేల్కొనునది కుక్క. జీతము లేని యీ సేవకునకు మనము ఇచ్చునది పూటకు రెండు ముద్దల అన్నము మాత్రమే. ఆ అన్నము పెట్టు పద్ధతి మంచిదైనచో కుక్క పది పండ్రెండేండ్లు ఇంటిని అంటిపెట్టుకొని యుండును. పద్ధతి చెడినచో అది పిల్లప్రాయముననే చచ్చుటయో, లేక ఇంటి బిడ్డను కఱచుటయో జరుగవచ్చును. కావున విషయము చిన్నదైనను దాని ఫలము చిన్నది కాదు.

నేను పశువైద్యవృత్తిలో నున్నవాడను. ఎద్దులకును గేదెలకును వైద్యము చేయుటకు ఊళ్లకు పోయినప్పుడు, పని ముగిసి చేతులు కడుగుకొనుచుండగా, ఆ యింటి పెద్ద తఱచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. "అయ్యా, మా కుక్కపిల్ల పెట్టినది పెట్టినట్లే మ్రింగివేయుచున్నది. నమలుట యెఱుగదు. తినిన వెంటనే కక్కుచున్నది. కక్కినదానిని మరల తినుచున్నది. దగ్గఱకు పోయినచో గుఱ్ఱుమనుచున్నది. ఏమి చేయవలెను?" ఈ ప్రశ్నకు వాకిట నిలువబడి చెప్పు సమాధానము సగమే యగును. తక్కిన సగమును కూడ చేర్చి ఈ దినము చెప్పెదను.

మీలో పెక్కురు భారతము చదివినవారు, చదువగా విన్నవారు. ఆదిపర్వమున సరమ యను దేవశుని కథ మీరెఱిగినదే. జనమేజయుడు యాగము చేయుచుండగా, సరమ కుమారుడైన సారమేయుడు ఆడుకొనుచు ఆ తావునకు పోయెను. జనమేజయుని తమ్ములు దానిని కొట్టిరి. అది యేడ్చుచు పోయి తల్లితో మొఱపెట్టుకొనెను. సరమ వచ్చి, తప్పు చేయని పిల్లను కొట్టినవారికి తలవని తలంపుగా భయము వచ్చునని చెప్పి పోయెను. ఆ కథలోని పిల్లవలె తప్పు లేకయే దెబ్బలు తిను పిల్లలు నేటికిని మన యిండ్లలో కలవు. అవి తిండియొద్ద దెబ్బలు తినుచున్నవి. పిల్ల ఆబగా తినుట చూచి, "దీనికి బుద్ధి చెప్పవలెను" అని మనము కఱ్ఱ తీయుదుము. నేను చెప్పబోవు దానిలో ముఖ్యమైన మాట యిదియే. ఆబగా తినుట కుక్కపిల్ల చేసిన తప్పు కాదు. దానికి కారణములు కలవు. ఆ కారణములను తొలగించినచో ఆబ తగ్గును. కఱ్ఱవలన తగ్గదు సరిగదా, మఱింత పెరుగును.

మొదట కుక్క నోటిని చూతము. ఎద్దు దవడ ప్రక్కలకు కదలి, తిరుగలివలె మేతను నలుపును. ఎద్దుకూడ మేయునప్పుడు సగము నమిలి మ్రింగునదియే గాని, తరువాత నీడకు చేరి పండుకొని నెమరు వేయును. కుక్కకు నెమరు లేదు. దాని దవడ పైకిని క్రిందికిని మాత్రమే ఆడును. కోఱలు పట్టి చీల్చుటకును, దవడపండ్లు కత్తెరవలె తునుముటకును ఏర్పడినవి. పిల్లకు మూడవ వారమున పాలపండ్లు వచ్చుట మొదలై మొత్తము 28 వచ్చును. అవి సూదులవలె వాడిగా నుండును గాని నూఱుటకు పనికిరావు. నాలుగవ నెల మొదలుకొని అవి ఊడి, ఏడవ నెల నాటికి 42 గట్టిపండ్లు ఏర్పడును. అప్పుడును కుక్క మనవలె నమలదు. ముక్కను తునిమి మ్రింగుటయే దాని స్వభావము.

నమలక మ్రింగిన అన్నము ఎట్లు అరుగునని సందేహము కలుగవచ్చును. మనము అన్నమును నమలునప్పుడు ఉమ్మి కలిసి, అందలి పిండి నోటియందే కరగ నారంభించును. కుక్క ఉమ్మిలో పిండిని కరగించు గుణము లేదనియే చెప్పవచ్చును. అది ముద్దను జాఱుగా చేయుటకు మాత్రమే పనికివచ్చును. కుక్కకు పిండి అరుగునది చిన్నప్రేగులో, క్లోమమునుండి వచ్చు రసము వలన. ఈ విషయమున ఒక వింత కలదు. స్వీడను దేశమునందలి ఉప్సాలా విశ్వవిద్యాలయము మొదలగు చోట్ల పనిచేయు శాస్త్రజ్ఞులు తోడేళ్లను కుక్కలను పోల్చి పరిశోధించి 2013లో తమ ఫలితములను ప్రకటించిరి. పిండిని అరిగించు రసమునకు మూలమైన జన్యువు తోడేలునకు రెండు ప్రతులు మాత్రమే యుండగా, వారు పరీక్షించిన కుక్కలకు 4 మొదలు 30 వఱకు ఉన్నట్లు తేలినది. తోడేలు జాతినుండి విడివడి, సేద్యము చేయు మనుష్యుని వాకిటికి చేరి, అతని గింజల తిండిలో పాలు పంచుకొనుటచే కుక్కకు ఈ శక్తి అబ్బినదని వారి యభిప్రాయము. కావున మన యింటి అన్నము, సంకటి, రొట్టె కుక్కకు సరిపడనివి కావు. అవి మెత్తగా ఉడికి యుండిన చాలును. నమలుట లేదని మనము చింతింప బనిలేదు. మనము చూడవలసినది వేగమును, ఒక్కసారి మ్రింగు పరిమాణమును.

ఇక వేగమునకు కారణములు చెప్పెదను. అవి ముఖ్యముగా నాలుగు.

మొదటి కారణము పోటీ. ఒక ఈతలో నాలుగైదు మొదలు ఎనిమిది వఱకు పిల్లలుండును. తల్లి పాలయొద్దనే తోపులాట మొదలగును. తరువాత ఇంటివారు అన్నిటికిని కలిపి ఒక్క మూకుటిలో గంజియన్నము పోయుదురు. ముందుగా మ్రింగినదానికి కడుపు నిండును. వెనుకబడినదానికి మూకుడు నాకుటయే మిగులును. పుట్టిన నెలలోపలనే పిల్ల నేర్చుకొను మొదటి పాఠము "వేగముగా మ్రింగుము, లేనిచో దొరకదు" అనునది. తరువాత మీరు దానిని ఒంటిగా తెచ్చుకొనినను ఆ పాఠమును అది మఱువదు.

రెండవ కారణము తల్లినుండి మిక్కిలి ముందుగా విడదీయుట. మన ప్రాంతములలో ఊరకుక్కలు చిత్తకార్తెలో జతగూడునని మీరందఱు నెఱుగుదురు. కుక్కకు గర్భము తొమ్మిది వారములు. కావున ధనుర్మాసమున పిల్లలు పుట్టును. పదునాలుగు దినములలో కండ్లు తెఱచి, సంక్రాంతి నాటికి వాకిట తప్పటడుగులు వేయుచు ముద్దుగా కనబడును. ఆ ముద్దు చూచి అప్పుడే పిల్లలను ఎత్తుకొని పోవుదురు. అది తగదు. పిల్ల తల్లియొద్దను, తోడబుట్టినవానియొద్దను ఎనిమిది వారములు ఉండవలెను. అనగా సంక్రాంతి పిల్లను శివరాత్రి వఱకు తల్లియొద్దనే యుంచుడని నేను చెప్పుచుందును. ఆ నెల దినములలో పిల్ల పాలనుండి అన్నమునకు మెల్లగా మాఱును. ఎంత గట్టిగా కఱచినచో తోడి పిల్ల కేకవేయునో తెలిసికొని, కోఱల బలమును అణచుకొనుటయు అప్పుడే నేర్చును. ముందుగా విడిపోయిన పిల్లకు ఈ రెండును రావు.

మూడవ కారణము నిజమైన ఆకలి. పెరుగు పిల్లకు, దాని బరువును బట్టి చూచినచో, పెద్దకుక్కకంటె ఇంచుమించు రెండింతల ఆహారము కావలెను. దాని పొట్ట మాత్రము చిన్నది. పెద్దకుక్కకు వలె ప్రొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి పెట్టినచో నడుమ అది ఆకలితో వేగిపోవును. ఆకలి రుచి యెఱుగదు, నిద్ర సుఖ మెఱుగదు అని మన పెద్దలు చెప్పిరి. అంత ఆకలితో నున్న పిల్లయెదుట గిన్నె పెట్టి, మెల్లగా తినుమనుట న్యాయము కాదు.

నాలుగవ కారణము నట్టలు. దీనిని పెక్కురు గుర్తింపరు. కుక్కపిల్లలకు ఏలికపాములవంటి నట్టలు తల్లికడుపులో నున్నప్పుడే సంక్రమించును. తల్లిపాల వెంటను పోవును. అందువలన మట్టి ముట్టని పిల్లకును నట్టలుండును. పిల్ల ఎంత తినినను ఒడలు పట్టదు. ప్రక్కటెముకలు కనబడుచు పొట్ట మాత్రము కుండవలె నుండును. వెండ్రుకలు నిగ్గు లేక నిలుచుకొని యుండును. ఒక రైతు తన పిల్లను నాకు చూపి, "దీనికి ఎంత పెట్టినను తీఱదు, ఇది తిండిపోతు" అనెను. దాని పొట్ట తడవి చూచి నేను నట్టలమందు ఇచ్చితిని. మఱునాడు పడిన పురుగులను చూచి అతడు దిగ్భ్రమ చెందెను. రెండు వారములకు మరల మందు వేసితిమి. ఒక నెల గడచునప్పటికి ఆ పిల్ల గిన్నెలో కొంత విడిచి పోవుట నేర్చినది. దాని ఆబకు మూలము బుద్ధి కాదు, పురుగులు.

కావున మీ పిల్ల ఆబగా తినుచున్నచో మొదట చేయవలసినది పశువైద్యశాలకు కొనిపోయి నట్టలమందు వేయించుట. రెండవ వారమున మొదలుపెట్టి, ఎనిమిదవ వారము వఱకు రెండు వారముల కొకసారి, పిదప ఆఱవ నెల వఱకు నెలకొకసారి వేయించుట మంచిది. మోతాదు బరువును బట్టి యుండును గనుక వైద్యుడు చెప్పినట్లు వేయవలెను. తల్లికికూడ వేయించవలెను. ఈ నట్టల గ్రుడ్లు కుక్కమలముతో నేలపై పడి, మట్టిలో ఆడుకొను బిడ్డల నోటికి చేరి, వారికిని వ్యాధి కలిగించును. పిల్లకుక్క మలమును ఎప్పటికప్పుడు తీసి పాతిపెట్టుట ఇంటి బిడ్డలకు మేలు.

ఆబగా తినుటచే కలుగు కీడు లేమి? తేలికది మొదట చెప్పెదను. పిల్ల గబగబ మ్రింగి, ఐదు పది నిమిషములలో అన్నమును అరుగకయే యున్నది యున్నట్లు వెడలగ్రక్కును. వెంటనే దానిని మరల తినును. చూచుటకు రోతగా నుండునే గాని, పిల్ల ఉషారుగా నున్నచో ఇది రోగము కాదు. పొట్ట పట్టినదానికంటె ఎక్కువ పోసితివని చెప్పుటయే అది. తోడేళ్లు తమ పిల్లలకు వేటాడి మ్రింగిన మాంసమును ఇట్లే కక్కి పెట్టును. కాని ప్రతి పూటయు తినినది తినినట్లు వెలికి వచ్చుచు పిల్ల చిక్కిపోవుచున్నచో, అన్నవాహికలో పుట్టుకతోనే లోపముండవచ్చును, చూపించవలెను. తిండితో సంబంధము లేక పలుమాఱులు వాంతియై, రక్తముతో కూడిన దుర్గంధపు విరేచనములగుచున్నచో అది పార్వో యను అంటురోగము కావచ్చును. 1978 ప్రాంతమున ప్రపంచమంతట వ్యాపించిన యీ రోగము కుక్కపిల్లలను రెండు మూడు దినములలో చంపగలదు. అప్పుడు ఒక్క పూటయు ఆలసింపరాదు. దీనికి ముందుగా వేయించు టీకా కలదు.

రెండవ కీడు గొంతునకు అడ్డుపడుట. కోడియెముక, మామిడిటెంక, గట్టి రొట్టెముక్క వంటివి ఆత్రములో అడ్డుపడును. పిల్ల ముందుకాళ్లతో నోరు గీచుకొనుచు, ఊపిరాడక గిలగిలలాడును. నోరు తెఱచి చూచి, అడ్డు కనబడినచో రెండు వ్రేళ్లతో పట్టి పైకి తీయవలెను. కనబడనిచో వ్రేలు పెట్టి లోపలికి త్రోయరాదు. చిన్నపిల్లను తల క్రిందికి వచ్చునట్లు పట్టుకొని, రెక్కల నడుమ అఱచేతితో నాలుగైదు సార్లు చఱచినచో తఱచుగా ఊడిపడును.

మూడవ కీడు అన్నిటికంటె ఘోరమైనది. పచ్చి జనుము, పిల్లిపెసర తిని పశువుల పొట్ట ఉబ్బుట మీకు తెలిసినదే. కుక్కలకును అట్టిదే యొకటి కలదు. వేగముగా మ్రింగునప్పుడు అన్నముతోపాటు గాలియు లోపలికి పోవును. పొట్ట ఉబ్బి, కొన్నింటికి మెలిపడి, రెండు దారులును మూసికొనిపోవును. ఇది పిల్లలకు అరుదు. పెద్దజాతి కుక్కలలో, లోతైన ఱొమ్ము గలవానిలో, వయసు పెరిగినకొలది ఎక్కువ. అయినను ఆబగా తిను అలవాటు పిల్లప్రాయమున ఏర్పడి పెద్దతనమున ప్రాణము తీయును గనుక ఇచ్చటనే చెప్పుచున్నాను. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయమువారు 2000 సంవత్సరమున ప్రకటించిన పరిశోధనలో, వేగముగా తిను పెద్దజాతి కుక్కలును, ఎత్తైన పీటమీద పెట్టిన గిన్నెలో తిను కుక్కలును ఈ వ్యాధికి ఎక్కువగా గుఱియగుచున్నట్లు కనబడినది. కావున గిన్నెను నేలమీదనే యుంచుడు. పొట్ట తప్పెటవలె బిగిసి, కుక్క కక్కబోవుచు ఏమియు కక్కలేక, చొంగ కార్చుచు నిలువలేక తిరుగుచున్నచో అప్పటికప్పుడే వైద్యునియొద్దకు కొనిపోవలెను. ఎద్దుకు వలె వంటయింటి మందులు పోసి తెల్లవాఱు వఱకు చూతమనినచో అది దక్కదు.

ఇప్పుడు పద్ధతులకు వత్తము. ఖర్చులేని పద్ధతులు చెప్పెదను.

లోతైన గిన్నె ఆబకు అనుకూలము. మూతి పెట్టి ఒక్కసారిగా నోటినిండ తీసికొనవచ్చును. దానికి బదులు వెడల్పైన పళ్లెమున గాని, కడిగిన బండమీద గాని అన్నమును పలుచగా పఱచుడు. పిల్ల నాకుచు, ఏఱుకొనుచు తినవలసి వచ్చును. ఇంకొక యుపాయము. పళ్లెము నడుమ ఒక చిన్న చెంబునో గిన్నెనో బోరగిలించి, దాని చుట్టును అన్నము పెట్టుడు. పిల్ల చుట్టు తిరిగి తినును. లేక ఏటిలో దొరకు నున్నని గుండ్రాయిని కడిగి పళ్లెములో నుంచుడు. ఆ రాయి పిల్ల నోటికంటె పెద్దదిగా నుండవలెను. చిన్నదైనచో దానినే మ్రింగును. పట్టణములలో ఇందుకొఱకే గట్లు పోసిన ప్లాస్టిక్ గిన్నెలు అమ్ముచున్నారు. అవియు మంచివే. మన గుండ్రాయి చేయు పనియే అవి చేయును.

ఒక పూట తిండిని మూడు భాగములు చేసి, ఒకటి తినిన పిమ్మట ఒకటి పెట్టుడు. నడుమ రెండు మూడు నిమిషములు ఆగుడు. నిదానమే ప్రధానము అను మాట పెట్టువానికే ముందుగా వర్తించును. అన్నము వేడిగా నుండరాదు, గోరువెచ్చగా నుండవలెను. ముద్దలు గట్టిగా నున్నచో చిదిమి మెత్తగా చేయవలెను. మాంసపు ముక్కలను చిన్నవిగా తఱుగవలెను. మంచినీరు ఎప్పుడును అందుబాటులో నుండవలెను. తినిన పిమ్మట ఒక గంట పరుగులును, ఆటలును కూడవు.

వేళలను గూర్చి. మూడు నెలలు నిండు వఱకు దినమునకు నాలుగు పూటలు, ఆఱు నెలల వఱకు మూడు పూటలు, పిదప రెండు పూటలు పెట్టవలెను. వేళ తప్పరాదు, చోటు మాఱరాదు. పావ్లోవు అను రష్యా శాస్త్రజ్ఞుడు కుక్కలలో జీర్ణక్రియను గూర్చి పరిశోధించి 1904లో నోబెల్ బహుమానము పొందెను. అన్నము నోటికి చేరకముందే, అది వచ్చుచున్నదను గుర్తు తెలిసినంతనే కుక్కకు ఉమ్మియు, జఠరరసమును ఊరుట ఆయన చూపెను. వేళకు పెట్టినచో పొట్ట సిద్ధముగా నుండును. మనసు నెమ్మదిగా నుండును. నేడు దొరకినది రేపును దొరకునను నమ్మకము కలిగిన పిల్ల తొందరపడదు. వేళ తెలియని పిల్లకు ప్రతి ముద్దయు చివరి ముద్దయే.

రెండు మూడు పిల్లలున్నచో ఎవరి పళ్లెము వారిది. పళ్లెములను దూరముగా, ఒకదానికొకటి కనబడకుండ పెట్టుడు. తినుట ముగించిన పిల్ల తక్కినదాని పళ్లెముపై పడకుండ ఒకరు నిలువబడి చూడవలెను. కోళ్లను, పెద్దకుక్కలను దరిచేరనీయరాదు. పోటీ తొలగిన రెండు మూడు వారములలో వేగము తగ్గుటను మీరే గమనింతురు.

ఏమి పెట్టవలెనో కొంచెము చెప్పెదను. ఉత్త అన్నము, గంజి కడుపు నింపును గాని పిల్లను పెంచవు. అన్నములోనో రాగిసంకటిలోనో మెత్తగా ఉడికిన పప్పు, ఉడికించిన గ్రుడ్డు, ముండ్లు తీసిన చేప, కొంచెము మాంసము కలుపవలెను. పాలు మాన్పిన పిల్లకు గేదెపాలు ఎక్కువగా పోసినచో విరేచనములగును. మజ్జిగ, పెరుగు కలిపిన అన్నము మేలు. రాగులలో కాల్షియము ఎక్కువ. అయినను పిల్లకు ఉత్త సంకటి చాలదు. ఉత్త మాంసమును చాలదు. కాళ్లు వంకరపోవుచున్నచో వైద్యుని యడిగి కాల్షియము ఇప్పించవలెను. ఉడికిన కోడియెముకలు ముక్కలై ప్రేగులను చీల్చును. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తమును చెఱచును. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండములను చెఱచును. చాక్లెట్ దానికి విషము. ఉప్పుకారములు నిండిన కూరమెతుకులను ఏఱి, పిల్లకు వేఱుగా కొంచెము తీసి యుంచుట ఇల్లాలికి పెద్ద శ్రమ కాదు. పరిమాణమును చేతితో తెలిసికొనవచ్చును. ప్రక్కలు తడవినచో ఎముకలు చేతికి తగులవలెను గాని కంటికి కనబడరాదు.

ఇక చివరగా, నా మనసున ఎక్కువ బరువుగా నున్న విషయము. ఆబగా తిను పిల్లయే తఱచుగా గిన్నెను కాచుకొని గుఱ్ఱుమను పిల్ల యగును. రెంటికిని మూలము ఒక్కటే: తన తిండిని ఎవరో లాగుకొందురను భయము. ఆ భయమును పోగొట్టుటకు బదులు మనము పెంచుదుము. "యజమాని ఎవరో తెలియవలెను" అని తినుచున్న పిల్ల నోటియెదుటనుండి గిన్నె లాగుదుము, గుఱ్ఱుమనినచో కొట్టుదుము. దెబ్బ తినిన పిల్ల తరువాత గుఱ్ఱుమనుట మానును. అది బుద్ధి వచ్చుట కాదు, హెచ్చరిక మానుట. ఒకనాడు ఇంటి బిడ్డ దాని గిన్నెయొద్దకు పోయినప్పుడు హెచ్చరింపకయే కఱచును.

దీనికి సరియైన మార్గము లాగుకొనుటకు మాఱుగా ఇచ్చుట. పిల్ల తినుచుండగా నాలుగడుగుల దూరమున నిలువబడి, దానికి ప్రియమైన గ్రుడ్డుముక్కనో చేపముక్కనో పళ్లెములో పడవేసి వెనుకకు పొండు. ప్రతిదినము కొంచెము దగ్గఱకు పొండు. పదిదినములలో మీ అడుగుల చప్పుడు వినగానే అది తోక యాడించును. చేయి వచ్చినదనగా తిండి పెరుగునని దానికి తెలియవలెను. ఈ పని ఇంటిలోని పెద్దలే చేయవలెను. పసివారికి మాత్రము ఒక్కటే కట్టడి: కుక్క తినుచుండగా దాని దరికి పోరాదు.

కుక్కపిల్ల కాటును చులకన చేయువారు కలరు. "పాలపండ్ల గీత, ఏమగును?" అందురు. పిచ్చికుక్క రోగము, అనగా రేబీస్, పెద్దకుక్కలకే కాదు, పిల్లలకును వచ్చును. ఆ రోగవిషము ఉమ్మిలో నుండును. చిన్న గీత చాలును. రోగలక్షణములు కనబడిన పిమ్మట మనుష్యుడు బ్రదుకుట మిక్కిలి అరుదు. కాని లక్షణములు కనబడకముందు చికిత్స చేసినచో రోగమును రానీయకుండ చేయవచ్చును. 1885 జూలై 6వ తేదీన పాశ్చరు ఫ్రాన్సులో కుక్క కఱచిన యొక బాలునకు మొదటిసారి టీకా వేసి దారి చూపెను. మన దక్షిణదేశమున కూనూరులో 1907లోనే పాశ్చరు పేర వైద్యసంస్థ ఏర్పడినది. నేడు ఆ టీకా ప్రభుత్వ వైద్యశాలలలో లభించుచున్నది. కఱచిన వెంటనే గాయమును సబ్బుతోను పాఱు నీటితోను పదునైదు నిమిషములు కడుగవలెను. కారము, సున్నము, పసరు పూయరాదు. ఆ దినమే వైద్యశాలకు పోయి, చెప్పినన్ని సూదులును పూర్తిచేయవలెను. మంత్రమునకు పోయి దినములు గడుపరాదు. ఇక పిల్లకుక్కకు మూడవ నెలలో రేబీస్ టీకా వేయించి, పిదప వైద్యుడు చెప్పిన గడువునకు మరల వేయించుచుండవలెను. జూలై 6వ తేదీన పశువైద్యశాలలలో ఉచితముగా టీకాలు వేయు వాడుక పెక్కుచోట్ల కలదు. ఊరిపెద్దలు ఆ దినమును చాటింపు వేయించినచో ఊరంతటికి మేలు చేసినవారగుదురు.

చెప్పినదానిని కుదించి మరల చెప్పుచున్నాను. శివరాత్రి వఱకు పిల్లను తల్లినుండి వేఱుచేయకుడు. నట్టలమందు వేయించుడు. చిన్న పూటలుగా, వేళ తప్పక, వెడల్పైన పళ్లెమున, నేలమీద పెట్టుడు. పిల్లకు పిల్లకు దూరముంచుడు. తినుచున్నప్పుడు లాగుకొనకుడు, ఇంకొక ముక్క వేయుడు. పసివారిని దూరముగా నుంచుడు. టీకా మఱువకుడు. వీనిలో డబ్బుతో పని స్వల్పము. ఓర్పుతో పని యెక్కువ. మొక్కై వంగనిది మానై వంగునా? మొదటి ఆఱు నెలలలో మీరు చూపిన ఓర్పునకు ఫలము తరువాతి పదేండ్లు మీ వాకిట నిలిచియుండును.